బస్తర్ భాషలు: ప్రభుత్వ పోషణ తీరుతెన్నులు

2025 వసంతకాలంలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తర్ ప్రాంతమంతటా ‘బస్తర్ పండుం’ పేరిట ఒక ఉత్సవాన్ని నిర్వహించింది. పండుం అనే గోండీ మాటను తెలుగు పాఠకునికి విడమరచి చెప్పవలసిన పనిలేదు. తెలుగు పండుగకు అది తోబుట్టువు. నృత్యం, పాట, నాటకం, వాద్యం, వేషభూషలు, హస్తకళలు, ఆహారపానీయాలు అనే ఏడు విభాగాలలో బ్లాకు స్థాయినుంచి డివిజన్ స్థాయివరకు పోటీలు జరిగి, దంతేవాడలో ముగింపు సభ ఏర్పాటయింది. అడవి పల్లెల కళాకారులకు వేదిక, బహుమతి, గుర్తింపు లభించడం హర్షించదగిన విషయమే. అయితే ఉత్సవానికి పేరునిచ్చిన భాషకు ఆ ఏడింటిలో విడిగా చోటు లేకపోవడం గమనార్హం. పాటలోను, నాటకంలోను భాష ఉన్నది కదా అనవచ్చును. ఉన్నది, కాని అక్కడ అది చూపరుల ముందు నిలిచిన ప్రదర్శనలో ఒక అంగం మాత్రమే. ఆ చూపరులలో, ముఖ్యంగా ముందు వరుసల్లో కూర్చునే అతిథులలో, చాలామందికి పాటలోని మాట అర్థం కాదు. అర్థం కానక్కరలేదన్న అంగీకారం మీదనే అటువంటి సభలు నడుస్తాయి.

ఒక భాష పేరిట ప్రజాధనం వ్యయమైనప్పుడు ఆ ధనం దేనిని నిలబెడుతున్నది, ఎవరి చేతికి చేరుతున్నది అనేది ఎక్కడైనా అడగదగిన ప్రశ్నే. బస్తర్ విషయంలో దానికి మరింత ప్రాముఖ్యం ఉన్నది. క్షీణిస్తున్న భాషల పోషణ అంటే సాధారణంగా మాట్లాడేవారి సంఖ్యను పెంచడమని అర్థం. బస్తర్‌లో మాట్లాడేవారికి కొదవ లేదు. ఆసుపత్రి గదిలో, ఠాణాలో, తహసీలు కచేరీలో, ఒకటో తరగతి గదిలో ఆ మాటను విని గ్రహించగలవారికే కొదవ. భాషాపోషణకు కేటాయించే నిధులు ఈ లోటు వైపు చాలా అరుదుగా ప్రవహించాయన్నది పరిశీలకునికి తోచే మొదటి సంగతి.

అవిభక్త బస్తర్ జిల్లా వైశాల్యంలో కేరళ రాష్ట్రంకంటె కొంచెం పెద్దది. 1948లో సంస్థానం విలీనమైన నాటినుంచి 1998 వరకు అది ఒకే జిల్లాగా ఉండి, తరువాత దశలవారీగా ఏడు జిల్లాలయింది. భాషల విషయంలో ఇంతటి వైవిధ్యం గల ప్రాంతాలు దేశంలో కొన్నే. ఉత్తర మధ్య భాగాలలో మురియా గోండీ, అబూజ్‌మాడ్ కొండలనుంచి దక్షిణానికి మారియా గోండీ, కోంటా వైపు దోర్లీ, తూర్పున భత్రీ, జగ్దల్‌పూర్‌కు దక్షిణాన ధుర్వా జనం మాట్లాడే పర్జీ. వీటన్నింటి మధ్య సంతలోను, రాజాస్థానంలోను ఉమ్మడి వ్యవహారభాషగా ఎదిగిన హల్బీ. గోండీ, తెలుగు రెండూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవని భద్రిరాజు కృష్ణమూర్తి నిరూపించారు. గోండీలో నీటిని ఏర్ అంటారంటే తెలుగు పాఠకునికి ఏరు గుర్తుకు రాక మానదు. పర్జీ మరొక శాఖకు, కొలామీ పక్కకు చేరుతుంది. దానిపై బరో, భట్టాచార్య రాసిన గ్రంథం 1953లోనే వెలువడింది. అంటే పండితలోకానికి ఈ భాషలు అజ్ఞాతమైనవి ఏనాడూ కావు. గ్రిగ్సన్ 1938లో మారియాలను గురించి, ఎల్విన్ 1947లో మురియాల ఘోటుల్‌ను గురించి వెలువరించిన గ్రంథాలు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. ఆ గ్రంథాల ఖ్యాతి ఆ జనుల మాటకు కచేరీలో విలువ తెచ్చిపెట్టలేదన్నది వేరే సంగతి.

జనాభా లెక్కలలో ఈ భాషలు ఎలా నమోదవుతున్నాయో చూస్తే నిధుల కథ సగం అర్థమవుతుంది. 2011 లెక్కల ప్రకారం దేశంలో గోండీ మాతృభాషగా గలవారు 29,84,453 మంది, హల్బీ 7,66,297, కోయ 4,07,423. దోర్లీ, మారియా, మురియా గోండీ పద్దు కింద చేరతాయి. భత్రీ ఒడియా పద్దు కింద చేరుతుంది. దోర్లాలకు దగ్గరి బంధువులైన గోదావరి లోయ కోయల భాష మాత్రం విడి పద్దు. ఏ పద్దు కింద చేరిన భాష ఆ పద్దు పేరుతోనే కాగితాలపై బతుకుతుంది. భత్రీకి పాఠ్యపుస్తకం కావాలన్నా, గ్రాంటు కావాలన్నా, మొదట తాను ఒడియా కాదని రుజువు చేసుకోవాలి.

దీనికి తోడు ‘బోలీ’ అన్న మాట ఒకటి ఉన్నది. హిందీ పరిపాలనలో హల్బీ, గోండీ, భత్రీలను భాషలని కాక బోలీలని వ్యవహరించడం పరిపాటి. శాస్త్రదృష్టిలో ఇది నిలవదు. హిందీకి గోండీతో కుటుంబ సంబంధమే లేనప్పుడు గోండీ హిందీకి మాండలికం కావడం అసంభవం. కాని ‘బోలీ’ అన్నది భాషాశాస్త్రపు తీర్పుగా వచ్చిన మాట కాదు. ఖర్చు పద్దు నిర్ణయించే మాట. భాష అయితే దానికి ఉపాధ్యాయ నియామకం, అనువాదకుని పోస్టు, ప్రకటనల ముద్రణ వంటి స్థిరమైన బాధ్యతలు వచ్చిపడతాయి. బోలీ అయితే సాంస్కృతిక కార్యక్రమంతో సరిపోతుంది. 2007లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ హిందీకి తోడుగా ఛత్తీస్‌గఢీని రాజభాషగా గుర్తించినప్పుడు మైదాన ప్రాంతపు చిరకాల ఆకాంక్ష నెరవేరింది. బస్తర్‌కు ఆ చట్టంవల్ల ఒరిగింది స్వల్పం. దక్షిణ బస్తర్ గోండునికి ఛత్తీస్‌గఢీ కూడా హిందీవలెనే నేర్చుకోవలసిన పరభాష.

కేంద్ర స్థాయిలో పరిస్థితి మరింత విచిత్రం. ఎనిమిదవ షెడ్యూలులో చేరిన 22 భాషలకు అకాడమీ పురస్కారాలు, పోటీ పరీక్షలు, అనువాద వ్యవస్థలు అందుబాటులో ఉంటాయి. 2003 నాటి 92వ సవరణతో బోడో, సంతాలీ అందులో చేరాయి. 2011లో బోడో మాట్లాడేవారు 15 లక్షలకు లోపు. గోండీవారు అంతకు రెట్టింపు. సంఖ్య ఒక్కటే ప్రమాణం కాదని దీనినిబట్టి తెలుస్తుంది. ఉద్యమబలం, రాష్ట్రాల సరిహద్దులు, సాహిత్య సంస్థల ఒత్తిడి అన్నీ కలిసి పనిచేస్తాయి. గోండీ జనం అరడజను రాష్ట్రాలలో చెదిరి ఉన్నారు, ఏ ఒక్క రాష్ట్రమూ దానిని తన భాషగా భావించదు. మరి ప్రమాదంలో ఉన్న భాషల సంరక్షణకు 2013లో మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ ద్వారా ప్రారంభమైన పథకం సంగతి ఏమిటి? అది పదివేలలోపు జనం మాట్లాడే భాషలకు ఉద్దేశించినది. పర్జీ మాట్లాడేవారే యాభై వేలకు పైబడి ఉన్నారు. ఈ విధంగా బస్తర్ భాషలు షెడ్యూలుకు చేరలేనంత బలహీనమైనవిగాను, సంరక్షణకు నోచుకోనంత బలమైనవిగాను లెక్కకు వస్తున్నాయి. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించమని 1956నుంచి రాష్ట్రాలకు చెబుతూనే ఉన్నది. కాని దానికి నిర్ణీతమైన పద్దు ఏదీ జతచేయలేదు.

ఇక వాస్తవంగా వ్యయమవుతున్న సొమ్ము. నాగపూర్ కేంద్రంగా పనిచేసే దక్షిణ మధ్య మండల సాంస్కృతిక కేంద్రం 1986నుంచి జానపద, గిరిజన కళాబృందాలకు ప్రదర్శనావకాశాలు కల్పిస్తున్నది. రాయపూర్‌లో 2019లో జాతీయ ఆదివాసీ నృత్యోత్సవం ఆరంభమైంది. జగ్దల్‌పూర్ సమీపంలోని ఆస్నాలో ‘బాదల్’ అనే సంక్షిప్తనామంతో నృత్య, కళా, సాహిత్య అకాడమీ 2021లో వెలిసింది. దేవగుడులు, ఘోటుల్ కట్టడాల పునరుద్ధరణకు కూడా నిధులు అందాయి. వీటిలో నిరర్థకమైనది ఏదీ లేదు. ఆస్నా అకాడమీ స్థానిక భాషలకు ఒక విభాగాన్ని ఏర్పరచడం మంచి ఆరంభం. కాని ఘోటుల్ విషయం కొంచెం ఆగి ఆలోచించదగినది. ఘోటుల్ అంటే గోడలు, పైకప్పు కాదు. సాయంకాలాలు పడుచువారు చేరి పాటలు, పొడుపుకథలు, పనిపాటల మర్యాదలు పెద్దలనుంచి అందుకున్న చోటు. ఒక్క మాటలో చెప్పాలంటే మురియా గోండీకి అదే బడి. పిల్లలు ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లకు తరలిపోయిన తరువాత, హాస్టలులో హిందీయే భాష అయిన తరువాత, ఊరిలో కాంక్రీటు స్తంభాలతో నిలిపిన ఘోటుల్‌లో సాయంకాలం ఎవరు కూర్చుంటారు? కట్టడానికి కొలతల పుస్తకం ఉంటుంది, వినియోగ ధ్రువపత్రం సులభంగా తయారవుతుంది. సంభాషణకు అటువంటి కొలత లేదు. ఆడిటుకు లొంగేదానిమీదకే గ్రాంటు మొగ్గడం ఒక్క బస్తర్‌కే పరిమితమైన దోషం కాదు.

ముద్రణ రంగంలో కొంత మెరుగు కనిపిస్తుంది. 2020 జనవరి 26న అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ప్రాథమిక తరగతులలో ఛత్తీస్‌గఢీతోపాటు గోండీ, హల్బీ, భత్రీ వంటి భాషలలో బోధన చేపడతామని ప్రకటించారు. 2024లో ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ ప్రభుత్వం 18 స్థానిక భాషలలో వాచకాలు సిద్ధం చేయిస్తామన్నది. రెండు భిన్న పక్షాల ప్రభుత్వాలు ఒకే దిశగా మాట్లాడడం స్వాగతించదగినదే. అయితే వాచకం ముద్రించడం కార్యంలో తేలికపాటి భాగం. కాంకేర్ వైపు గోండీలో రాసిన పాఠం దంతేవాడ, సుకుమా పిల్లవానికి పూర్తిగా తనదనిపించదు. ఉపాధ్యాయుడు మైదాన జిల్లానుంచి బదిలీపై వచ్చినవాడైతే అతనికి ఆ పుస్తకం పిల్లవానికంటె ఎక్కువ అపరిచితం. ద్విభాషా వాచకంలో ఎదురెదురుగా హిందీ ఉన్నప్పుడు బోధన ఎటు జారిపోతుందో ఊహించడం కష్టం కాదు.

పుస్తకాల ప్రస్తావనలో ఒక పేరు తలచుకోవడం ధర్మం. కొండాగాఁవ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్, 2021లో మరణించేవరకు, హల్బీ మౌఖిక సాహిత్యాన్ని సేకరించడంలో జీవితం గడిపారు. వరి పంటతో ముడిపడిన లక్ష్మీ కథను రోజుల తరబడి స్త్రీలు గానం చేసే ‘లక్ష్మీ జగార్’ను గురుమాయి సుక్‌దయి నోట విని, అక్షరబద్ధం చేసి, ఆస్ట్రేలియా పండితుడు క్రిస్ గ్రెగరీ సహకారంతో 2003లో ప్రచురించారు. మొత్తం కావ్యమంతా ఆ గాయని జ్ఞాపకంలో ఉన్నది. ఒక గాయనిని, వినడానికి ఓపికపట్టిన ఒక లేఖకుని కలిపి కూర్చోబెట్టడం ఏ ఉత్సవ వేదికకంటెను తక్కువ ఖర్చుతో, ఎక్కువ కాలం నిలిచే ఫలితమిచ్చింది. జగార్ పాడే గురుమాయిలకు శిష్యురాళ్లను చేర్చి, నేర్చుకున్నంతకాలం ఇద్దరికీ భృతి ఇచ్చే ఏర్పాటు ప్రతి బ్లాకులోను ఉండి ఉంటే హల్బీ సాహిత్యచరిత్ర మరొక విధంగా ఉండేది.

గోండీ ప్రామాణిక నిఘంటువు కథలో ఈ రంగానికి సంబంధించిన ఆశ, చిక్కు రెండూ కనిపిస్తాయి. పలు రాష్ట్రాల గోండీ భాషులు 2014నుంచి వరుసగా కార్యశాలలలో కలిసి, తమ తమ మాటలను పోల్చి, దాదాపు మూడు వేల పదాల కోశాన్ని కూర్చారు. అది 2018 మార్చిలో హంపీ కన్నడ విశ్వవిద్యాలయంలో వెలువడింది. శుభ్రాంశు చౌధురి నెలకొల్పిన సీజీనెట్ స్వర ఇందుకు చొరవ చూపింది. ఢిల్లీనుంచి ఎవరో దయతలచి ఇచ్చిన ప్రమాణం కాక, మాట్లాడేవారే ఒకచోట కూర్చుని ఒప్పుకున్నది కావడం దీని విశిష్టత. ఆదిలాబాద్ గోండు, బస్తర్ గోండు, గడ్చిరోలి గోండు ఒకరినొకరు ఎంతవరకు గ్రహించగలరో వారికే తెలియజెప్పిన సందర్భమిది. కాగా మూడు వేల పదాలు ఆరంభం మాత్రమే. కోశాన్ని పెంచే శాశ్వత పీఠం, అందుకు వార్షిక నిధి ఉండాలి. లేకుంటే ప్రతి ప్రయత్నమూ మళ్లీ మొదటినుంచి ఆరంభమవుతుంది.

లిపి విషయంలోను ఉత్సాహానికి లోటు లేదు. బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసారామ్ 1918లో రూపొందించిన లిపికి 2017లోను, ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో వెలుగుచూసిన ప్రాచీన ప్రతుల లిపికి 2018లోను యూనికోడ్‌లో స్థానం దొరికింది. గుంజాల ప్రతులను లోకానికి తెలియజెప్పడంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు కృషి తెలుగువారికి పరిచితమే. ఆత్మగౌరవ చిహ్నంగా లిపికి ఉన్న శక్తిని కాదనలేము. బస్తర్‌లో మాత్రం గోండీ రాసే కొద్దిమందీ దేవనాగరిలో రాస్తున్నారు. లిపి చర్చ పూర్తయ్యేవరకు రాత ఆగిపోరాదు.

ఇన్ని పథకాల మధ్య ఆడంబరం లేకుండా పనిచేసినది ఆకాశవాణి. 1977లో ఆరంభమైన జగ్దల్‌పూర్ కేంద్రం హల్బీ, గోండీ ప్రసారాలతో ఆ భాషలను వార్త, వ్యవసాయ సలహా, వైద్య సూచన చెప్పగల భాషలుగా నిలిపింది. వేదికపైన పాడినప్పుడు గోండీ వినోదం. రేడియోలో టీకాల తేదీ చెప్పినప్పుడు అదే గోండీ రాజ్యం మాట్లాడే భాష. ఈ తేడాను గుర్తించిన ప్రణాళికలు తరువాత అంతగా రాలేదు. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ 2025 సెప్టెంబరు 1న ప్రయోగదశలో విడుదల చేసిన ‘ఆది వాణి’ అనువాద సాధనంలో గోండీ కూడా ఉన్నది. కంప్యూటరు అనువాదం కచేరీ బల్లకు ఇటువైపు ఉన్నవారికి ఉపకరించేటట్లయితే అది ఆకాశవాణి వారసత్వాన్ని కొనసాగించినట్లవుతుంది.

సమాజస్థాయిలో భాషాపోషణకు ప్రభుత్వం నిధులివ్వడంలో ఐర్లండ్ అనుభవం సుదీర్ఘమైనది కనుక ఇక్కడ దానిని స్మరించడం అసందర్భం కాదు. 1893లో గేలిక్ లీగ్‌తో ఉద్యమంగా మొదలై, 1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడగానే ఐరిష్ పాఠశాలలలో నిర్బంధమయింది. ప్రభుత్వోద్యోగానికి అర్హత అయింది. 1930ల దశకంలో, ఐరిష్ ఇంటిభాషగా నిలిచిన గేల్టక్త్ ప్రాంతాలలో, పిల్లలు ఆ భాష సహజంగా మాట్లాడుతున్నారని తనిఖీలో తేలితే కుటుంబానికి పిల్లవానికి ఏటా 2 పౌన్ల చొప్పున ఇచ్చే పద్ధతి వచ్చింది. దాదాపు ముప్పావు శతాబ్దం సాగిన ఈ పథకంలో ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లవానితో మాట్లాడి చూసేవాడు. 1998 శాంతి ఒప్పందం ఫలితంగా 1999లో ఉత్తర, దక్షిణ ఐర్లండ్‌లకు ఉమ్మడిగా ఫొరస్ న గేల్గె అనే సంస్థ ఏర్పడింది. అది స్థానిక సంఘాలకు ఇచ్చే గ్రాంటులో ముఖ్యాంశం ఒక పూర్తికాలపు భాషాభివృద్ధి అధికారి వేతనం. భవనానికి కాక మనిషికి జీతమివ్వడం అక్కడి పథకంలో గ్రహించదగిన సూత్రం.

అయితే ఐర్లండ్‌ను ఆదర్శంగా చిత్రించడం తొందరపాటు. 2022 జనగణనలో ఐరిష్ వచ్చునని చెప్పినవారు 18 లక్షలకు పైబడినా, పాఠశాల వెలుపల ప్రతిదినం మాట్లాడేవారు 71,968 మంది మాత్రమే. ధనం జ్ఞానాన్ని పెంచింది, వాడుకను అంతగా పెంచలేకపోయింది. గ్రాంటుపై బతికే సంస్థలకు గ్రాంటే లక్ష్యమవుతుందన్న విమర్శ అక్కడా వినిపించింది. 2014లో కేంద్ర నిధులు పొందే 19 సంస్థలను 6కు కుదించినప్పుడు, పొదుపు పేరిట క్షేత్రస్థాయి సంఘాలు నలిగిపోయాయని ఆవేదన వ్యక్తమయింది. అన్నింటికి మించి, అక్కడి సమస్యకు ఇక్కడి సమస్య తలకిందులు. ఐర్లండ్‌లో రాజ్యానికి భాష కావాలి, పౌరుల ఇళ్లలో అది లేదు. బస్తర్‌లో పౌరుల ఇళ్లలో ఉన్నది, రాజ్యానికి అది రాదు. కనుక పౌరుని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు ఇక్కడ కచేరీని తనిఖీ చేయవలసి ఉంటుంది: ఇక్కడ గోండీ తెలిసినవారు ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు, వచ్చినవారి మాట ఏ భాషలో రాసుకున్నారు?

ఇందుకు పొరుగున పూర్వోదాహరణలు లేకపోలేదు. హైదరాబాదు రాజ్యంలో హైమండార్ఫ్ సలహాపై 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలిసింది. గోండీ వాచకాలు దేవనాగరిలో తయారయ్యాయి. అదే కాలంలో రెవెన్యూ అధికారి సేతుమాధవరావు పగడి స్వయంగా గోండీ నేర్చి, దాని వ్యాకరణం రచించారు. అంటే పుస్తకం, ఉపాధ్యాయుడు, అధికారి మూడూ ఒకేసారి ఆ భాషవైపు కదిలాయి. కొంతకాలమే అయినా ఆ పథకం ఫలించడానికి ఇదే కారణం. ఆ తరువాతి ప్రభుత్వాలు గోండీ బోధనను కొనసాగించకపోవడంతో అది చెదిరింది. 2004లో ఆంధ్రప్రదేశ్ గోండీ, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషలలో తెలుగు లిపితో బహుభాషా విద్యను ఆరంభించింది. ఆ భాషలు మాట్లాడే యువకులనే ఉపాధ్యాయులుగా తీసుకోవడం దానికి బలం. మాతృభాషనుంచి తెలుగుకు మార్చే తొందర దాని బలహీనత.

బస్తర్‌లో ఇటువంటి మనుషులు ఇప్పటికే ఉన్నారు. భాష పద్దు కింద మాత్రం వారెవరూ కనిపించరు. 2002లో ఛత్తీస్‌గఢ్ ఆరంభించిన మితానిన్ పథకంలోని గ్రామ ఆరోగ్య కార్యకర్తను తీసుకుందాం. ఊరి స్త్రీ నొప్పి గోండీలో చెబితే నర్సుకు హిందీలో అందించేది, డాక్టరు ఇచ్చిన మాత్రల వేళలు తిరిగి గోండీలో చెప్పేది ఆమెయే. అనువాదకురాలిగా ఆమెకు పేరు లేదు, ప్రతిఫలం లేదు. ఘర్షణల కాలంలో మూతపడి తిరిగి తెరచిన బీజాపూర్, సుకుమా బడులలో ‘శిక్షాదూత్’ పేరుతో గౌరవ వేతనంపై పనిచేసే స్థానిక యువకులు పిల్లలతో వారి భాషలోనే మాట్లాడతారు. వారిలో కొందరు మావోయిస్టుల చేతిలో ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. ప్రాథమిక విద్యలో గోండీని అసలు నిలబెట్టినది ఈ యువకులే. వారికి స్థిరమైన ఉద్యోగం లేదు. భద్రతా దళాల విషయంలో మాత్రం స్థానిక భాష విలువను రాజ్యం వెంటనే గ్రహించింది. కేంద్ర రిజర్వు పోలీసు దళం 2017లో బస్తరియా బెటాలియన్‌ను స్థానిక యువతీయువకులతో ఏర్పరచినప్పుడు, నేల, జనం, భాష తెలిసి ఉండడమే వారి ప్రత్యేక అర్హతగా పరిగణించారు. ఒక శాఖకు సాధ్యమైనది తక్కిన శాఖలకు అసాధ్యమని చెప్పడం కష్టం.

గ్రామసభ ఇందులో ముఖ్యస్థానం. 1996 నాటి పీసా చట్టానికి ఛత్తీస్‌గఢ్ 2022లో నియమావళి రూపొందించింది. భూమి, అటవీ ఫలసాయం, గనులకు సంబంధించిన అంశాలలో సభ అభిప్రాయానికి చట్టపరమైన స్థానం ఉన్నది. సభలో చర్చ గోండీలో జరిగి, తీర్మానం హిందీలో రాసినప్పుడు, చెప్పినదేమిటి, రాసినదేమిటి అన్న వివాదానికి అవకాశం ఉండనే ఉంటుంది. సంతకం పెట్టినవారు తాము దేనికి సంతకం పెట్టారో తరువాత తెలుసుకోవలసి రావడం భాషా సమస్యగా కనిపించకపోవచ్చును. మూలం మాత్రం అక్కడే ఉన్నది. సాక్ష్యం నిందితునికి అర్థమయ్యే భాషలో వివరించాలని నేర విచారణ చట్టం ఏనాటినుంచో చెబుతున్నది. గ్రామసభకు కూడా అదే మర్యాద వర్తించాలి. సభ చర్చను గోండీలోనే ధ్వనిముద్రణ చేయడం, తీర్మానాన్ని సభలో గోండీలో చదివి వినిపించిన తరువాతనే సంతకాలు తీసుకోవడం, ఆ పని చేయగల ఒక స్థానిక లేఖకునికి పంచాయతీనుంచి నెలనెలా జీతమివ్వడం – ఈ మూడింటికి కావలసినది ఉత్సవ వ్యయంతో పోల్చదగిన మొత్తం కాదు. మితానిన్‌కు అనువాద భత్యం, శిక్షాదూత్‌కు మాతృభాషా ఉపాధ్యాయునిగా నియామకం కూడా ఈ కోవలోనివే. గ్రాంటు దరఖాస్తు సమర్పించవలసిన భాష గురించి కూడా ఆలోచించాలి. గోండీ పోషణకు హిందీలోనో ఇంగ్లీషులోనో ప్రతిపాదన రాయగలిగిన సంస్థకే గ్రాంటు అందే పద్ధతిలో, ఆ భాష తప్ప మరొకటి రాని గ్రామం మొదటి మెట్టుమీదనే ఆగిపోతుంది. ధ్వనిముద్రిత దరఖాస్తును అంగీకరించడానికి నేటి సాంకేతిక సదుపాయాల మధ్య అడ్డంకి ఏదీ లేదు.

ఈ చర్చలో తెలుగు రాష్ట్రాల పాత్ర కూడా ఉన్నది. 2005 తరువాతి ఘర్షణలలో దక్షిణ బస్తర్‌నుంచి వేలాదిమంది నాటి ఖమ్మం జిల్లా అడవులకు తరలివచ్చారు. వారి పిల్లలు చేరిన బడులలో బోధన తెలుగులో. కోంటా దాటి చింతూరు చేరితే, దోర్లా, కోయ కుటుంబాల మధ్య మాట పెద్దగా మారదు. కాని అటువైపు దోర్లీ గోండీ పద్దు కింద, దేవనాగరిలో, రాయపూర్ నిధులతో. ఇటువైపు కోయ విడి పద్దు కింద, తెలుగు లిపిలో, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల నిధులతో. ఒకవైపు తయారైన వాచకం మరొకవైపు బడికి చేరదు, ఒకవైపు శిక్షణ పొందిన ఉపాధ్యాయుని సంగతి మరొకవైపు అధికారులకు తెలియదు. ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ గిరిజన పరిశోధన సంస్థలు మూడింటికీ మూలధనం అందించేది ఒకే కేంద్ర మంత్రిత్వశాఖ. కోయ, దోర్లీ పదాలను ఒకే పట్టికలో రెండు లిపులలోను కూర్చే ఉమ్మడి పని ఆ మూడు సంస్థలకు అప్పగించడానికి కొత్త పథకం అవసరం లేదు. ఉన్న పద్దులోనే ఒక ఉత్తరువు చాలు.